అక్కుపల్లి తీరంలో పేరు లేని చుక్క

పలాస వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ జీడిపప్పు సంగతే అడిగారు. తెచ్చాను, పంచాను, తిన్నారు. సముద్రం ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పే అలవాటు నాది. సగం జీవితం సైన్యంలో సిగ్నల్స్ పనిలో గడిపినవాడికి, అవతలివాడు వింటున్నాడో లేదో చూసుకోకుండా మాట్లాడే జబ్బు అంటుకుంటుంది.

మాది కడప జిల్లాలో చెరువుకు మించిన నీళ్లు ఎరగని ఊరు. నాతో ఒకే యూనిట్లో ఏళ్ల తరబడి వైర్లు లాగిన కూర్మారావుది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్కుపల్లి, సముద్రం ఒడ్డున. రిటైరైనప్పటి నుంచీ రమ్మని పోరుతున్నాడు. చివరికి నేను బయల్దేరిన వారం మాత్రం మంచి వారం కాదు. పడమటి సరిహద్దు మీద రెండు వైపులా డ్రోన్లు లేస్తున్నాయి. టీవీ పెడితే చాలు మ్యాపులూ బాణాలూ. మా ఆవిడ వద్దంది. "యుద్ధం పడమర, నేను పోయేది తూర్పు" అని నవ్వి రైలెక్కాను. నేనన్న మాటలన్నిట్లోకీ తెలివితక్కువ మాట అదేనని నాలుగు రోజుల్లో తేలిపోయింది.

పలాస

రైలు దిగగానే ముందు పలకరించింది కాలిన జీడితొక్కల వాసన. గొంతులో గరగర. ఊరివాళ్లకు అది వాసనే కాదు. ప్లాట్‌ఫారం చివర కూర్మారావు నిలబడి ఉన్నాడు, అదే మీసం, కాకపోతే తెల్లది.

"ఏటి బావా, ఇలగ సన్నబడిపోనావు? అక్కడ తిండి పెట్టట్నేదేటి?" అన్నాడు.

జవాబిచ్చేలోపు ఒక గూడ్సు నెమ్మదిగా మా ముందు నుంచి పోసాగింది. టార్పాలిన్లు కప్పిన బండ్లు, వాటి మధ్య నిలబెట్టిన పొడుగాటి పెట్టెలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆకారాలు నాకు తెలుసు, సైన్యం సామాను. చేయి దానంతటదే జేబులోకి వెళ్లి ఫోను తీసింది. ఒక్క ఫొటో తీశానో లేదో, భుజం మీద చేయి పడింది. పాతికేళ్లు కూడా ఉండవు ఆ కానిస్టేబులుకు.

"ఏటి సారూ, ఏటి తీత్తన్నారు?"

నేను మాజీ సుబేదారునని దర్పంగా చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. "అయితే మీకు మరీ బాగా తెలిసుండాల కదండీ. ఆ ఫొటోలో ఊరు పేరు, టయిము అన్నీ ఉంటాయి. తీసీయండి. తీసీసినవి మల్లా ఇంకో సంచిలో కూకుంటాయి, అదీ కాళీ సెయ్యండి."

ఖాళీ చేశాను. మా రోజుల్లో ఏ రైల్లో ఏం పోతోందో తెలుసుకోవాలంటే శత్రువు ఒక మనిషిని పంపి, వాడికి జీతమిచ్చి, స్టేషన్లో టీలు తాగిస్తూ కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని సంబరపడిపోయే పెన్షనర్లు ఉచితంగా చేసిపెడుతున్నారు. కూర్మారావు బండి ఎక్కేదాకా నవ్వు ఆపుకున్నాడు, తర్వాత కాశీబుగ్గ దాకా ఆపలేదు.

జీడిపప్పు కార్ఖానాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు మీది పొర గీస్తున్నారు. మాటలన్నీ యుద్ధం మీదే. ఒకావిడ తల ఎత్తకుండానే అడిగింది. "బాబూ, మీరు మిలట్రీ అంట గదా. సముద్రం మీదన్నుంచి కూడా వత్తారేటి ఆల్లు?" రారమ్మా అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గుండు పప్పు ఒక కిలో, బద్దలు ఒక కిలో కొన్నాను. మా ఊరి ధరతో పోలిస్తే చవకే, కానీ మా ఆవిడ ఊహించుకున్నంత చవక కాదు.

టెక్కలి బస్సు

కూర్మారావుకు టెక్కలిలో ఇంజను సామాను కొనే పని ఉంది. నాకు భావనపాడు హార్బరు చూడాలని ఉంది. మర్నాడు బస్సులో బయల్దేరాం. నా పక్కన కూర్చున్న ఆసామిది జలంత్రకోట. కొబ్బరి, జీడితోటలు. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. పలకరిస్తే చాలు, బయటపడ్డాడు.

"మా డ్రోను టేసన్లో కూకుందండి. కూలోల్లు దొరక్క, నలుగురం కలిసి కొన్నాం, మందు కొట్టడానికి. సరిగ్గా పూత మీదుంది తోట, టీ దోమ పట్టీసింది. ఇప్పుడ ఎవులూ ఎగరెయ్యకూడదంట. తెచ్చి అప్పజెప్పీమన్నారు."

"కొద్ది రోజులే కదా" అన్నాను.

"దోమ కొద్దిరోజులు ఆగుతాదేటండి?" అని నా వంక చూశాడు, దోమను నేనే పంపినట్టు. మళ్లీ తనే అన్నాడు. "ఆల్లనీ అనలేం. మందు కొట్టీదానికీ బాంబేసీదానికీ పైన తేడా తెల్దంట. రెండూ ఒక్కలాగే కనబడతాయంట."

ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే. నాలుగు రెక్కలు, ఒక కెమెరా, చేతిలోని మీటకూ దానికీ మధ్య ఒక రేడియో సంబంధం. మేం ఉద్యోగంలో చేరినప్పుడు ముందున్న వాడు బైనాక్యులర్లో చూసి, రేడియోలో చెప్పి, మ్యాపు మీద గీసి, అధికారి ఒప్పుకుని, అప్పుడు ఫిరంగి కదిలేది. ఈ లోపల శత్రువు టీ తాగి చోటు మార్చేవాడు. ఇప్పుడు మా పాత యూనిట్ కుర్రాళ్లు చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. పైనుంచి డ్రోను చూసింది చూసినట్టే కింద అందరి తెరల మీదికీ వచ్చేస్తుంది. ఉపగ్రహం, రాడారు, ఓడ, ఫిరంగి, అన్నీ ఒకే బొమ్మను చూస్తాయి. చూడ్డానికీ కాల్చడానికీ మధ్య ఉండే ఆ టీ తాగే వ్యవధి ఎగిరిపోయింది. పొరపాటు తెలుసుకునే వ్యవధి కూడా అదే కదా అని బస్సులో కూర్చుని దిగులుపడ్డాను.

భావనపాడు

హార్బరులో కవ్వళ్ల చేపలు ఎండబెట్టిన వాసన. ఇసుక మీద పరిచిన వలల్లో చిన్న చేపలు వెండి రేకుల్లా. ఒక పాకలో కోనాం చేప పులుసుతో అన్నం తిన్నాం. మా వైపు పులుసు అంటే చింతపండు ముందు నాలుకకు తగలాలి, ఇక్కడ చేప ముందు తగులుతుంది. రెండోసారి వడ్డించమని అడగటానికి మొహమాటపడలేదు.

తింటుంటే మైకు మోగింది. జీపు పక్కన మెరైన్ పోలీసు ఎస్సై నిలబడి మాట్లాడుతున్నాడు. కుర్రవాడు, నెల్లూరు యాస. "మీ బోట్లకు బిగించిన పెట్టె ఆన్‌లో ఉండాలి. అది పనిచేస్తే మీరెక్కడున్నారో మాకు తెరమీద కనబడతారు, పేరుతో సహా. రమ్మని కబురు పంపితే ఆ పెట్టెలోనే దీపం వెలుగుతుంది. పెట్టె లేకుండా తిరిగే బోటుని ఈ వారం మేం మీ బోటనుకోలేం. అర్థం చేసుకోండి."

జనం విన్నారు, చెదిరిపోయారు. వలలు బాగుచేసుకునే ఒక పెద్దాయన గొణిగాడు. "మేం కనబడితే ఆల్లకే కాదు, అందరికీ కనబడతాం. పక్కోడు పోన్లో సూసీసి మన మీదకి రాడేటి?"

కూర్మారావు మొహం తిప్పేసుకున్నాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అక్కుపల్లి

కూర్మారావు ఇల్లు తీరానికి కూతవేటు దూరంలో ఉంది. తాగేందుకు క్యాను నీళ్లే ఇచ్చారు. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఊరి నీళ్లు ఇవ్వడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పదు. పొద్దున చోడి అంబలి. మా రాగిని వీళ్లు చోడి అంటారు. మేం ముద్ద చేసి మింగుతాం, వీళ్లు పల్చగా జారుస్తారు. ఏ పేరుతో పిలిచినా కడుపు చల్లబడింది.

రెండు సందుల అవతల అతని కూతురు చిట్టెమ్మ కాపురం. నన్ను చూడగానే "మావా, బావున్నావా" అంది, నిన్న మొన్న చూసినట్టు. మగడు ఢిల్లేశ్వరరావు. ఆ పేరు ఈ జిల్లాలో వీధికొకటి, పిలిచేది మాత్రం ఢిల్లీ అని. సొంత బోటు, ఇంజనుది. తోడు వెళ్లేది తవిటయ్య అనే పెద్దాయన.

సాయంత్రం బోటు చూపించడానికి ఢిల్లీ నన్ను తీసుకెళ్లాడు. అందులో పెట్టె ఉంది, చిన్న స్తంభానికి బిగించి. దాని మీద బోర్లించి కట్టిన సిల్వర్ డేకిసా.

"ఇదేమిటప్పా?" అన్నాను.

ఢిల్లీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒడ్డు దాటినంతసేపూ తీసీసే ఉంచుతాను మావా. రాయి దగ్గరికెల్లీటప్పుడు డేకిసా కప్పీత్తాను. మల్లా వచ్చీటప్పుడు తీసీసి, అందులోనే అన్నం వండీసుకుంటాం."

రాయి అంటే సముద్రం అడుగున ఉన్న బండ. దాని చుట్టూ కోనాం చేప మూగుతుంది. ఢిల్లీ తాత కనిపెట్టిన రాయి అది. ఎక్కడుందో ఆ ఇంటి మగవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పాపారావు అనే అన్న వరస వాడు ఏళ్ల తరబడి వెంటాడుతున్నాడు, బోటు వెనకాల బోటు వేసుకుని. ఇప్పుడు వెంటాడే శ్రమ కూడా లేదు, ఫోన్లో చూస్తే చాలు. అందుకే డేకిసా.

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది కూడా. మా రోజుల్లో సరిహద్దులో రేడియో నోరు మూసుకోమని ఆజ్ఞ వచ్చేది. ఒక్క మాట గాలిలోకి వదిలినా అవతలివాడు దిక్కు పట్టేసి గుండు వేస్తాడు. మాట్లాడని వాడు బతికాడు. ఆ సంగతి చెబితే ఢిల్లీ మొహం వెలిగిపోయింది. "మరేటి! మనమూ అదే కదా సేత్తన్నాం!" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కూర్మారావు ఎగతాళిగా అన్నాడు. "మావనైనా నాకు సెప్పడు. నా కూతురికి మాత్రం తెల్సు."

ఢిల్లీ వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లయ్యాక మొదటిసారి రాయికి వెళ్లే ముందు భార్యను ఒడ్డుకు తీసుకెళ్లి, చేతిలో ఉప్పు పోసి, గంగమ్మ మీద ఒట్టు పెట్టించుకుని గుర్తులు చెబుతారు. తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో ఒక మనిషికైనా తెలిసుండాలి. పుట్టింటికి కూడా చెప్పకూడదు.

"నానెందుకు సెప్తాను?" అంది చిట్టెమ్మ తండ్రికి అన్నం వడ్డిస్తూ. "ఉప్పు సేతిలో పోసినాడు."

రమ్మన్న కబురు

మర్నాడు చీకటుండగానే బోట్లన్నీ వెళ్లాయి. నేను లేచేసరికి ఢిల్లీ కూడా వెళ్లిపోయాడు. ఎండెక్కాక తీరంలో కూర్చుని కొబ్బరిబోండాం తాగుతున్నాను. ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తీరానికి దూరంగా కొంత మేర సముద్రం మూసేశారు, బోట్లన్నీ వెంటనే ఒడ్డుకు రావాలి. ఎందుకో చెప్పలేదు. ఎందుకో చెప్పకపోతే మనిషి అన్నీ ఊహించుకుంటాడు.

మధ్యాహ్నానికి బోట్లు ఒకటొకటే రావడం మొదలైంది. పెట్టెలో ఎర్రదీపం వెలిగిందనీ, వల సగంలో కోసుకుని వచ్చామనీ చెప్పుకుంటున్నారు. పాపారావు బోటు వచ్చింది. పక్క ఊరివీ వచ్చాయి. ఢిల్లీ బోటు రాలేదు.

"వత్తాడు" అన్నాడు కూర్మారావు. మళ్లీ కాసేపటికి, "వత్తాడు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. డేకిసా. రాత్రి అంత ముచ్చటపడ్డ డేకిసా. ఆ లోహం పెట్టెను ఇతరుల కంటికి కనబడకుండా చేస్తుంది సరే, పైనుంచి వచ్చే కబురును కూడా లోపలికి పోనివ్వదు. ఢిల్లీ పెట్టెలో ఎర్రదీపం వెలగలేదు. వాడికి ఏమీ తెలియదు. ఎండ బాగుందనీ, చేప బాగా పడుతోందనీ అనుకుంటూ ఉండుంటాడు. పక్కనే ఉన్న కూర్మారావు చెవిలో చెప్పాను. అతనూ సిగ్నల్స్ మనిషే, నేను పూర్తి చేయకముందే ఇసుకలో కూలబడ్డాడు.

ఎస్సై జీపు ఇసుకలోకి వచ్చి ఆగింది. చేతిలో పెద్ద తెర ఉన్న ఫోను లాంటిది. అందులో తీరం గీత, దాని వెంట పేర్లున్న ఆకుపచ్చ చుక్కలు, వచ్చేసిన బోట్లన్నీ. వాటికి దూరంగా రెండు తెల్ల చుక్కలు. పేర్లు లేవు.

"ఇవి రాడారుకు కనబడుతున్నాయి. పెట్టెలు లేవు" అన్నాడు ఎస్సై. "ఒకటి కదలడం లేదు, ఒకటి దక్షిణానికి పోతోంది. ఇదే బొమ్మ ఓడలోనూ ఉంది, పైవాళ్ల దగ్గరా ఉంది. మీ ఊరి బోటు ఒకటి రాలేదు కదా, ఎవరిది? పెట్టె చెడిపోయిందా?"

కూర్మారావు నా చేయి పట్టుకున్నాడు, చెప్పొద్దన్నట్టు. చెబితే ఢిల్లీ లైసెన్సు పోతుంది. కోపం వచ్చేసింది నాకు. లైసెన్సేమిటి లైసెన్సు!

"చెడిపోలేదు సార్" అన్నాను. "కప్పేశారు. కబురు అందలేదు."

ఎస్సై మొహంలో రంగు మారింది. "కావాలని కప్పారా? అట్లాంటి బోటు గురించి పైకి ఏమని చెప్పమంటారు?" అని, మాజీ సుబేదారునని తెలిశాక నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "మీకు తెలుసు కదా సార్. తెరమీద మనవాళ్లందరికీ పేరుంటుంది. పేరు లేనిదాన్ని మనదని ఎవరు అనుకుంటారు? ఈ రెంటిలో ఏది ఇతనిదో నాకు తెలియాలి. అప్పుడు దానికి పేరు పెట్టమని చెప్పగలను. లేకపోతే రెంటినీ ఒకేలా చూస్తారు."

అప్పుడే మా తలల మీదుగా జోరీగ రొద లాంటి శబ్దం పోయింది. బూడిదరంగు రెక్కలు, పొడుగ్గా, లోపల మనిషి లేనిది. మమ్మల్ని పట్టించుకోకుండా నేరుగా సముద్రం మీదికి పోయింది.

భయమంటే ఏమిటో నాకు తెలుసు. కానీ నేను తెలిసి భయపడ్డ వాటన్నిటిలోనూ ఎదుటివాడికి నా మీద కోపమో ద్వేషమో ఉండేది. ఇక్కడ ఎవరికీ ఢిల్లీ మీద కోపం లేదు. ఒక చుక్క పక్కన ఒక పేరు లేదు, అంతే. ఇంత చల్లటి భయం నేనెప్పుడూ ఎరగను.

ఉప్పు

"ఎక్కడికెళ్లాడో ఎవరికి తెలుసు?" అన్నాడు ఎస్సై.

అందరి చూపులూ చిట్టెమ్మ వైపు తిరిగాయి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. చుట్టూ ఊరి బోట్లవాళ్లంతా ఉన్నారు. అందరికంటే ముందు పాపారావు.

చిట్టెమ్మ ఎస్సై దగ్గరికి నడిచింది, చెవిలో చెప్పబోయింది. ఒకటి రెండు మాటలు విని ఎస్సై తల అడ్డంగా ఊపాడు. "కొండ భుజం, టవరు... నాకు అర్థం కాదమ్మా. నాకు మ్యాపు మీద చోటు కావాలి. ఇక్కడ ఆ గుర్తులు తెలిసి చూపించగలిగేవాళ్లు ఎవరున్నారు?"

నాకు మిలట్రీ గుర్తులు తెలుసు, సముద్రం గుర్తులు తెలియవు. కూర్మారావు సముద్రం మానేసి ఏళ్లయింది. ఆ దూరంలో రోజూ తిరిగే మనిషి ఒకడే ఉన్నాడు అక్కడ.

చిట్టెమ్మ పాపారావు వంక చూసింది. అతను చూపు దించుకున్నాడు. శబ్దం సముద్రం మీద సన్నబడుతోంది.

ఆమె కొంగు నడుములో దోపుకుని, గట్టిగా, ఊరందరికీ వినబడేలా చెప్పింది. "మహేంద్రగిరి కుడి బుజం మీద మనూరి సెల్ టవరు కూకోవాల. ముందల అక్కడ తాడిసెట్టు ఉండీది, తుపానుకి పడిపోనాది, అప్పట్నించీ టవరే గుర్తు. దచ్చినం ఏపు బావనపాడు లైటౌసు టెక్కలి కొండ నడుమ్మీదకి రావాల. అక్కడ నీలు నల్లబడతాది. అదే రాయి. మరి సూపించు బావా."

పాపారావు అరచేయి లుంగీకి తుడుచుకున్నాడు. వంగి తెర మీద వేలు పెట్టి, గాలిలో రెండు గీతలు గీసుకున్నట్టు అటూ ఇటూ చూసి, కాస్త జరిపి ఆపాడు. కదలని చుక్క సరిగ్గా అతని గోరు కింద ఉంది.

"ఇదే. తమ్ముడిదే" అన్నాడు.

ఎస్సై వైర్‌లెస్‌లో పేరు చెప్పాడు, బోటు నంబరు చెప్పాడు, ఇద్దరు మనుషులని చెప్పాడు. అవతలి నుంచి ఆగమన్నారు. ఆగాం. తెల్ల చుక్క తెల్లగానే ఉంది. నేను ఒక దేవుడికి మొక్కుకున్నాను, ఏ దేవుడో ఇప్పుడు చెప్పను, మొక్కు తీర్చాలి.

తర్వాత ఢిల్లీ చెప్పాడు అక్కడేం జరిగిందో. నెత్తిమీద విమానం గుండ్రంగా తిరుగుతుంటే తవిటయ్య లుంగీ విప్పి ఊపాడట. ఢిల్లీకి మాత్రం ఒళ్లు మండిపోయిందట, ఆకాశం నుంచి కూడా రాయి కోసం వచ్చారని. ఎలాగూ చూసేశారు, ఇంక ఇదెందుకని తాడు విప్పి డేకిసా లాగి పడేశాడు. పెట్టెలో ఎర్రదీపం భగ్గుమంది.

తీరంలో మాకు కనిపించింది ఇంతే. తెల్ల చుక్క ఒక్కసారి ఆకుపచ్చగా మారింది. పక్కన ఢిల్లేశ్వరరావు అని పేరు వచ్చింది.

చిట్టెమ్మ ఆ తెరను తన కొంగుతో తుడిచింది, సరిగా కనబడటం లేదన్నట్టు. తడి ఆమె కళ్లలో ఉంది.

రెండో చుక్క సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. ఎస్సై చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

పొద్దు వాలేటప్పుడు బోటు ఇసుకను తాకింది. ఢిల్లీ దూకి, జనాన్ని చూసి, పాపారావును చూసి ఆగిపోయాడు. అతని మొహంలో ఏం కనబడిందో, తిరిగి భార్యను అడిగాడు.

"సెప్పీసినావా?"

"సెప్పీసినాను."

అతను తడి బట్టలతోనే ఇసుకలో కూర్చుని, ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదులుతూ ఉండిపోయాడు. చిట్టెమ్మ బోటులోకి వంగి డేకిసా తీసుకుని చంకన పెట్టుకుంది. ఎస్సై గట్టిగా తిట్టాడు, మళ్లీ చేస్తే కేసన్నాడు. ఆ మాటలేవీ ఢిల్లీకి వినబడలేదనుకుంటాను.

తిరుగు ప్రయాణం

సముద్రం తెరిచిన పొద్దునే నా ప్రయాణం. పలాసలో రైలు అందుకోవాలి, అయినా ఒకసారి తీరం చూసి పోదామని వెళ్లాను. బోట్లు దిగుతున్నాయి. అందరికంటే ముందు పాపారావు వెళ్లాడు. వెనకాలే ఇంకా కొన్ని. ఎటు పోతున్నాయో అడగక్కర్లేదు, అన్ని ముక్కులూ ఒకే వైపు. ఢిల్లీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బోటు నీళ్లలోకి తోసి ఎక్కి, అలవాటుగా స్తంభం వైపు చేయి చాచాడు.

"డేకిసా ఏదే?" అని అరిచాడు.

"ఇంట్లో పనుంది" అని అరిచింది చిట్టెమ్మ. "అన్నం కేరేజీలో పెట్టినాను. సల్లారకముందే తినీ."

అతను ఏదో గొణుక్కున్నాడు. ఇంజను వేశాడు. బోటు అలలు దాటింది.

చిట్టెమ్మ ఫోను తీసి చూస్తూ నిలబడింది. నేనూ తొంగి చూశాను. ఆకుపచ్చ చుక్కలన్నీ ఒకేచోటికి చేరుతున్నాయి. వాటి వెనకాల ఒకటి నెమ్మదిగా పోతోంది, పక్కన పేరుతో.

"తాత కాలం నుంచి దాచుకున్న రాయి కదమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె తల ఎత్తలేదు. ఆ చివరి చుక్క మీదనే వేలు పెట్టి ఉంచింది.

"రాయి ఆల్లందరిదీ అయిపోనాది మావా" అంది. "ఈ సుక్క నాదే."

కూర్మారావు హారను కొట్టాడు, రైలు టైమైందని. నేను బండెక్కాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా ఇసుకలోనే నిలబడి ఫోను చూస్తోంది.